ఓపెన్ సోర్స్‌లో మొదటి ప్యాచ్

ప్రోగ్రాముతో పాటు దాని కోడును కూడా అందరి ముందూ పెట్టి, చదువుకోవడానికి, మార్చుకోవడానికి, మార్చినదాన్ని మళ్లీ పంచుకోవడానికి లైసెన్సు ద్వారా అనుమతి ఇస్తే దాన్ని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచే లినక్స్ కెర్నెల్, సినిమాలు చూసుకునే వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పే పైథాన్, తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిలో ఏదో ఒక లోపాన్ని సరిదిద్ది ఆ మార్పును మూల ప్రాజెక్టుకు పంపవచ్చు. అలా పంపే మార్పును ప్యాచ్ అంటారు. పంపడానికి డిగ్రీ అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ప్యాచ్‌ను అక్కడివాళ్లు తీసుకోవడం మాత్రం వేరే సంగతి. దానికి కొన్ని పద్ధతులున్నాయి.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. ఇప్పుడు తొమ్మిది పది వారాలకు ఒకసారి దాని కొత్త కెర్నెల్ వస్తుంది. ఒక్కో విడుదలలో పదివేలకు పైగా మార్పులు చేరతాయి, వాటిని పంపేవాళ్లు 1,500 మందికి మించే ఉంటారు. వాళ్లలో రెండు వందల మందికి పైగా, లినక్స్‌కు ప్యాచ్ పంపడం అదే మొదటిసారి. అంత పెద్ద ప్రాజెక్టులోనే కొత్తవాళ్లకు చోటు దొరుకుతున్నప్పుడు, చిన్న ప్రాజెక్టుల్లో దొరకదని భయపడనక్కర్లేదు.

కొత్తవాళ్లు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. ఓపెన్ సోర్స్‌లో కోడు రాసేవాళ్లకు కరువు లేదు. దాన్ని చదివి, పరీక్షించి, బాధ్యత తీసుకునేవాళ్లకే కరువు. వాళ్లను మెయింటెయినర్లు అంటారు. చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పూటో ఆదివారాలో ఈ పని చూస్తారు. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌నే తీసుకుంటే, ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో పెద్ద భాగం దాని మీద ఆధారపడిన రోజుల్లో కూడా, పూర్తి సమయం దానికే పెట్టే మనిషి ఒక్కడే. 2012 మార్చిలో విడుదలైన దాని కొత్త రూపంలో, బయటి నుంచి వచ్చిన ఒక ప్యాచ్‌తో పాటు తప్పు ఒకటి చేరింది. అవతలి కంప్యూటరు చెప్పిన పొడవు నిజమో కాదో సరిచూడాల్సిన చోట సరిచూడలేదు. రాసినవారూ గమనించలేదు, చూసినవారూ గమనించలేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ పేరుతో అది బయటపడేదాకా రెండేళ్లు లోకమంతా ఆ తప్పుతోనే నడిచింది. ప్యాచ్‌ను చూసేవాళ్ల సమయానికి ఎంత విలువ ఉందో ఈ సంఘటన తర్వాతనే పెద్ద కంపెనీలకు తెలిసివచ్చింది. మొదటి ప్యాచ్ పంపే పద్ధతులన్నీ చూసేవాళ్ల కరువు నుంచే పుట్టాయి. చూసేవారి పని తగ్గించే ప్యాచ్ లోపలికి పోతుంది, పెంచేది మూలన పడి ఉంటుంది.

ప్రాజెక్టును ఎంచుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పేరు మోసిన ప్రాజెక్టు అయితే బయోడేటాలో బాగుంటుందని దాని వెంట పడతారు. రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఇంతకంటే మంచిది. వాడేవారికి అది ఎక్కడ తడబడుతుందో తెలుసు, ఎలా పనిచేయాలో తెలుసు. ఎంచుకున్నాక ఆ ప్రాజెక్టు ఊపిరితో ఉందో లేదో చూడాలి. చివరి మార్పు ఎప్పుడు చేరింది, బయటివాళ్లు పంపిన ప్యాచ్‌లకు జవాబు ఎన్నాళ్లకు వస్తోంది అన్నవి అందరికీ కనబడేలాగే ఉంటాయి. ఏడాదిగా ఒక్క మార్పూ చేరని చోట ఎంత చక్కటి ప్యాచ్ పంపినా చూసే దిక్కుండదు. లైసెన్సు ఉందా అన్నది కూడా చూడాలి. కోడు కనబడుతున్నంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్సు లేని కోడు మీద హక్కులన్నీ రాసినవారివే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ప్రపంచంలోని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసినదే. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపి ఎదురైతే అది తడబడుతుంది. ఆ తడబాటు తెలుగు చదవడం రాని మెయింటెయినర్ కంటికి ఆనదు. తెలుగు అనే మాటలో కంటికి కనిపించే అక్షరాలు మూడు. యూనికోడ్ లెక్కలో అవి ఆరు, ఎందుకంటే త, ల, గ అనే హల్లులకు తోడు ఎత్వం, రెండు కొమ్ములు విడివిడి గుర్తులుగా నిలువవుతాయి. ఈ తేడా పట్టించుకోని ప్రోగ్రాము, పేరును ఐదు అక్షరాలకు కుదించమంటే చివరి కొమ్మును కోసేసి తెలుగ అని చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అనే మాటను తెలుగులో టైపు చేసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతారు. పనికిరాని గుర్తులను ఏరేస్తున్నాననుకుని దాన్ని తీసేసే ప్రోగ్రాములున్నాయి. తీసేయగానే మాట రూపమే మారిపోతుంది. పైథాన్‌లో మాటలను వెతికి పట్టడానికి వాడే రీ అనే మాడ్యూలు సంగతి ఇంకా విచిత్రం. మాటలోని అక్షరం అని చెప్పడానికి అందులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తు ఉంది. అది గుణింతపు గుర్తులను అక్షరాల్లో కలపదు. దాంతో తెలుగు అనే ఒక్క మాట త, ల, గ అని మూడు ముక్కలైపోతుంది. ఈ మాడ్యూలు మీద ఆధారపడి వెతుకులాట రాసుకున్న ప్రోగ్రాముల్లో తెలుగు మాట సరిగా దొరకదు. హిందీకి, తమిళానికి, కన్నడానికి కూడా ఇదే బాధ.

నోట్సు రాసుకునే ఒక చిన్న ప్రోగ్రాములో సరిగ్గా ఈ లోపమే ఉందనుకుందాం. దాన్ని సరిదిద్దే దారిని మొదటి నుంచి చివరి దాకా చూడవచ్చు.

లోపం కనబడగానే కోడులోకి దూకకూడదు. ముందు ఆ ప్రాజెక్టులో లోపాల జాబితా వెతకాలి. ఇష్యూలు అని దానికి పేరు. ఇదే ఫిర్యాదు ఇంతకుముందే ఎవరైనా రాసి ఉండవచ్చు, దాన్ని సరిదిద్దడానికి ఒకరు ప్యాచ్ కూడా పంపి ఉండవచ్చు. లేకపోతే కొత్తగా రాయాలి. మంచి ఫిర్యాదులో ఏ వెర్షన్ వాడుతున్నదీ, ఏం చేస్తే లోపం కనబడుతుందో వరుసగా, రావలసిన ఫలితం ఏది, వస్తున్నది ఏది అన్నవి ఉంటాయి. తెలుగు వెతికితే రావడం లేదు అని మాత్రం రాసి వదిలేస్తే మెయింటెయినర్‌కు ఒక గంట పని పెట్టినట్టే. తెలుగు అనే మాటతో నోట్సు రాసి, అదే మాటను వెతికితే సున్నా ఫలితాలు వస్తున్నాయి, ఇంగ్లీషు మాటకైతే సరిగా వస్తున్నాయి అని రాస్తే అతనికి నిమిషంలో అర్థమవుతుంది. ఈ రాతంతా ఇంగ్లీషులోనే జరుగుతుంది. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకు ఇక్కడ కొంచెం బెరుకు ఉండటం సహజమే. పొడవైన వాక్యాలు, పెద్ద పెద్ద మాటలు ఎవరూ అడగరు. మెయింటెయినర్లలో కూడా చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు.

సొంతంగా లోపం దొరకనివాళ్ల కోసం చాలా ప్రాజెక్టులు తేలిక పనులకు ప్రత్యేకంగా చీటీ అంటించి పెడతాయి. చాలా ప్రాజెక్టులు కోడు ఉంచే గిట్‌హబ్ అనే సైటులో గుడ్ ఫస్ట్ ఇష్యూ అని, మీడియావికీ పనుల జాబితాలో గుడ్ ఫస్ట్ టాస్క్ అని, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోలో ఈజీ పికింగ్స్ అని ఆ చీటీల పేర్లు. పేరున్న ప్రాజెక్టుల్లో ఈ చీటీ పడ్డ గంటలోనే పదిమంది వాలిపోతారు. ఈ పని నాకు అప్పగించండి అని వరుసగా రాసేస్తారు, ఆ తర్వాత వాళ్లలో ఎక్కువమంది మళ్లీ కనబడరు. అప్పగించమని అడగడం కంటే లోపాన్ని తన కంప్యూటరులో తిరిగి రప్పించి, కారణం ఫలానా చోట ఉన్నట్టుంది, ఇలా సరిదిద్దవచ్చని అనుకుంటున్నాను అని రెండు ముక్కలు రాసినవారి మాటకే విలువ ఉంటుంది.

తర్వాతి మెట్టు ఆ సాఫ్ట్‌వేర్‌ను సొంత కంప్యూటరులో కోడు నుంచి తయారుచేసుకోవడం. దీన్ని బిల్డ్ చేయడం అంటారు. పుస్తకాల్లో ఒక వాక్యంలో అయిపోయే ఈ పని నిజానికి ఒక సాయంత్రమంతా తినేస్తుంది. లైబ్రరీలు దొరకవు, వెర్షన్లు కుదరవు, సూచనల్లో రాసినట్టు జరగదు. పెద్ద ప్రాజెక్టయితే మామూలు ల్యాప్‌టాప్ మీద గంటల కొద్దీ పడుతుంది. మొదటి ప్యాచ్‌కు చిన్న ప్రాజెక్టును ఎంచుకోమని అనుభవజ్ఞులు చెప్పడానికి ఇదొక కారణం. ఈ అవస్థలో ఒక లాభం కూడా ఉంది. బిల్డ్ సూచనల్లో ఉన్న తప్పు పాతవాళ్లకు కనబడదు, వాళ్ల కంప్యూటర్లలో అన్నీ ఎప్పుడో అమరి ఉంటాయి. ఆ తప్పు కొత్తవాళ్లకే తగులుతుంది. దాన్ని సరిదిద్ది పంపితే అదే మొదటి ప్యాచ్ అవుతుంది.

బిల్డ్ అయ్యాక ప్రాజెక్టులోని కాంట్రిబ్యూటింగ్ అనే ఫైలు చదవాలి. కోడు ఏ తీరులో రాయాలి, పరీక్షలు ఎలా నడపాలి, ప్యాచ్ ఎక్కడికి పంపాలి అన్నది అందులో ఉంటుంది. దాన్ని చదవకుండా పంపిన ప్యాచ్ మొదటి వరసలోనే పట్టుబడుతుంది. ఆపైన కోడు చదవడం. లక్షల వరసలున్న కోడును మొదటి నుంచి చివరికి ఎవరూ చదవరు. లోపం ఉన్న చోటును పట్టుకోవడానికి తెరమీద కనబడే ఒక మాటనో, ఎర్రర్ సందేశాన్నో కోడులో వెతికి, అక్కడి నుంచి ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో వెనక్కి వెళ్తారు. ఒక ఫంక్షన్‌ను ఎన్ని చోట్ల నుంచి పిలుస్తున్నారో చూడకుండా దాన్ని మార్చడం, నీళ్లు ఏ చేలోకి పోతాయో తెలియకుండా మడవ తిప్పడం లాంటిది.

మార్పులన్నిటినీ లెక్కగా దాచేది గిట్. లినక్స్ వాళ్లు అప్పటిదాకా ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్‌కు ఆ వీలు పోవడంతో 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ స్వయంగా గిట్‌ను రాయడం మొదలుపెట్టాడు. దీనిలో వందకు పైగా ఆదేశాలున్నా మొదటి ప్యాచ్‌కు అయిదారు చాలు. ప్రాజెక్టు కోడును చరిత్రతో సహా దింపుకోవడం క్లోన్. చేయబోయే పనికి విడిగా ఒక పాయ తీయడం బ్రాంచ్. మార్పును వివరణతో నమోదు చేయడం కమిట్. దాన్ని ఇంటర్నెట్‌లోని సొంత ప్రతికి ఎక్కించడం పుష్. ఈలోపు మూల కోడులో ఇతరుల మార్పులు చేరితే, వాటి మీదకు తన మార్పును జరపడం రీబేస్. చివరిది మొదట్లో చిక్కుగా ఉంటుంది, ఒక పనికిరాని ఫోల్డరులో నాలుగుసార్లు ఆడుకుంటే పట్టుబడుతుంది.

ఇక ప్యాచ్ సంగతి. నోట్సు ప్రోగ్రాములో లోపం ఒక్క వరసలో ఉంది. మాటను ముక్కలు చేసే చోట గుణింతపు గుర్తులను కూడా మాటలో భాగంగా తీసుకోమని చెప్పాలి. ఆ వరస మార్చేటప్పుడు పక్కనున్న కోడు వంకరగా కనబడుతుంది, వేరియబుల్ పేరొకటి నచ్చదు, ఖాళీలు సరిగా ఉండవు. వాటన్నిటినీ కూడా సర్దేద్దామనిపిస్తుంది. కొత్తవాళ్ల ప్యాచ్‌లు తిరిగి రావడానికి ఇదే పెద్ద కారణం. ఒక వరస మార్పును చూసేవారు అయిదు నిమిషాల్లో చూస్తారు. అది రెండు వందల వరసల సర్దుబాటు మధ్యలో దాక్కుంటే దాన్ని వెతకడానికే అరగంట పడుతుంది. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలన్న నియమం దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంది. సర్దుబాటు నిజంగా కావలసిందే అయితే దాన్ని వేరే ప్యాచ్‌గా పంపుతారు.

మార్పుతో పాటు ఒక పరీక్షను కూడా రాయాలి. తెలుగు అనే మాట ఇస్తే ఒక్క ముక్కగానే తిరిగి రావాలి అని చెప్పే చిన్న కోడు అది. పాత ప్రోగ్రాము మీద ఆ పరీక్ష తప్పాలి, మార్చిన దాని మీద నెగ్గాలి. దీనికి రెండు ప్రయోజనాలున్నాయి. తెలుగు రాని మెయింటెయినర్ కూడా మార్పు పనిచేస్తోందని నమ్మగలుగుతాడు. రేపు ఇంకెవరో ఆ వరసను మారిస్తే పరీక్ష తప్పి, వెంటనే తెలిసిపోతుంది. పరీక్ష లేకుండా సరిదిద్దిన లోపాలు ఏడాది తిరిగేసరికి మళ్లీ పుట్టడం ఈ రంగంలో మామూలే.

కమిట్‌కు రాసే వివరణ మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. సరిచేశాను అని ఒక్క మాటతో వదిలేస్తారు. దీనికో వాడుక ఉంది. మొదటి వరస యాభై అక్షరాలకు అటూ ఇటూగా, ఏం మారిందో చెబుతుంది. ఒక వరస ఖాళీ వదిలి, కింద ఎందుకు మార్చాల్సి వచ్చిందో రాస్తారు. ఏం మారిందన్నది కోడే చెబుతుంది, ఎందుకన్నది మాత్రం రాస్తేనే తెలుస్తుంది. గుణింతపు గుర్తులను రీ మాడ్యూలు అక్షరాలుగా చూడదు, అందువల్ల భారతీయ లిపుల్లోని మాటలు ముక్కలై వెతుకులాటలో దొరకడం లేదు అన్న రెండు వాక్యాలు ఇక్కడ సరిపోతాయి. పదేళ్ల తర్వాత ఆ వరస చూసి ఇదెందుకుందని తల గోక్కునే మనిషికి ఆ రెండు వాక్యాలే ఆధారం.

ప్యాచ్ పంపే దారి ప్రాజెక్టును బట్టి ఉంటుంది. గిట్‌హబ్ మీద ఉన్నవాటికి ముందు ప్రాజెక్టుకు సొంత ప్రతి ఒకటి తీసుకుని, అందులో మార్పు ఎక్కించి, దీన్ని తీసుకోండి అని పుల్ రిక్వెస్ట్ పెడతారు. గిట్‌ల్యాబ్‌లో దీన్నే మెర్జ్ రిక్వెస్ట్ అంటారు. మీడియావికీ ప్యాచ్‌లు గెరిట్ అనే చోట పరిశీలనకు వెళ్తాయి. లినక్స్ కెర్నెల్ ఇప్పటికీ ఈమెయిల్ మీదే నడుస్తుంది. హంగుల్లేని సాదా అక్షరాల మెయిల్‌లోనే ప్యాచ్ ఉండాలి, జోడింపు ఫైలుగా పంపకూడదు. ఏ భాగానికి ఎవరు బాధ్యులో చెప్పడానికి గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్టు, రాత తీరులో తప్పులు పట్టడానికి చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు కెర్నెల్ కోడుతోనే వస్తాయి. కెర్నెల్‌లో స్టేజింగ్ అనే భాగం ఉంది. ఇంకా నాణ్యత కుదరని డ్రైవర్లను అందులో ఉంచుతారు. కొత్తవాళ్లు చేయి తిప్పుకోవడానికి ఆ చోటు ఎప్పటి నుంచో పేరుపొందింది.

పంపేముందు హక్కుల సంగతి తేల్చుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టుతో పునాది వేశాడు, 1989లో జీపీఎల్ లైసెన్సు వచ్చింది, ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో పుట్టింది. జీపీఎల్ కింద ఉన్న కోడును మార్చి పంచేవారు ఆ మార్పులను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఎంఐటీ, అపాచీ లైసెన్సులకు అంత పట్టుదల లేదు. ప్యాచ్ పంపేవారు దాన్ని తామే రాశామని, ఆ లైసెన్సు కింద ఇచ్చే హక్కు తమకు ఉందని చెప్పాలి. కోడు యాజమాన్యం మీద కోర్టు వ్యాజ్యాలు మొదలవడంతో లినక్స్ 2004లో ఇందుకోసం సైన్డ్ ఆఫ్ బై అనే వరసను తెచ్చింది. కమిట్ చివర పంపినవారి పేరు, ఈమెయిల్ చిరునామాతో అది ఉండాలి. కొన్ని ప్రాజెక్టులు విడిగా ఒప్పందం మీద సంతకం అడుగుతాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాళ్లు నియామక పత్రాన్ని ఒకసారి తిరగేయడం మంచిది. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడు, సెలవు రోజున రాసినది సహా, కంపెనీకే చెందుతుందని కొన్ని పత్రాల్లో ఉంటుంది. అలా ఉంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే పంపాలి.

పంపిన వెంటనే యంత్రాలు ప్యాచ్‌ను పరీక్షిస్తాయి. అన్ని పరీక్షలూ నెగ్గితే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు పడుతుంది. ఎర్ర గుర్తున్న ప్యాచ్‌ను సాధారణంగా ఎవరూ తెరవరు, దాన్ని పచ్చగా మార్చడం పంపినవారి పనే. ఆ తర్వాత మనుషుల వంతు. ఈ వరస ఇలా ఎందుకు, ఇక్కడ ఇంకో పరీక్ష కావాలి, ఈ పేరు మార్చండి అని వ్యాఖ్యలు వస్తాయి. కాలేజీలో మార్కుల కాగితం అందుకున్నట్టు కొత్తవాళ్లు వీటిని చూసి కుంగిపోతారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల ప్యాచ్‌లకు కూడా ఇలాంటి వ్యాఖ్యలే వస్తాయన్నది ఆ జాబితాలు తిరగేస్తే ఎవరికైనా కనబడుతుంది. ప్రతి వ్యాఖ్యకూ జవాబివ్వాలి. ఒప్పుకుంటే మార్చాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. మౌనంగా వదిలేయడం మాత్రం పనికిరాదు. కెర్నెల్‌లో ఒక్కో ప్యాచ్ మూడో రూపం, నాలుగో రూపం అంటూ మళ్లీ మళ్లీ రావడం రోజూ జరిగేదే.

జవాబే రాకపోతే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. కనీసం ఒక వారం ఆగకుండా గుర్తు చేయవద్దని లినక్స్ సూచనల్లోనే ఉంది. చిన్న ప్రాజెక్టుల్లో రెండు మూడు వారాలు ఆగడం మర్యాద. గుర్తు చేసేటప్పుడు కూడా అందరికీ కనబడే చోటే ఒక్క వాక్యం రాయాలి. మన దగ్గర పని కావాలంటే పెద్దమనిషిని విడిగా కలిసి, సార్ అని సంబోధించి, వినయంగా విన్నవించుకోవడం అలవాటు. ఓపెన్ సోర్స్‌లో విడిగా మెయిల్ రాయడం ఎదుటివారిని ఇబ్బంది పెట్టడమే అవుతుంది. చర్చ బహిరంగంగా ఉంటే ఆ ప్రశ్నకు ఇంకొకరైనా జవాబు చెప్పగలుగుతారు. పేరు పెట్టి పిలవడం అక్కడ అమర్యాద కాదు.

మర్యాద అన్నది రెండు వైపులా ఉండాలి. లినక్స్ మెయిళ్లలో కటువైన మాటలు చాలాకాలం మామూలుగా చెల్లాయి. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన మాటతీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు, అదే సమయంలో కెర్నెల్ ఒక ప్రవర్తనా నియమావళిని తీసుకుంది. ఇప్పుడు పేరున్న ప్రాజెక్టులు చాలావాటిలో అలాంటి నియమావళి ఉంది. ప్రాజెక్టును ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్లతో అక్కడివాళ్లు ఎలా మాట్లాడుతున్నారో పాత చర్చలు పది చదివితే తెలిసిపోతుంది. ఆ తీరు నచ్చకపోతే ఇంకో ప్రాజెక్టు చూసుకోవడం మేలు.

మెయింటెయినర్లు అప్పుడప్పుడు చిరాకుగా కనబడటానికి కారణాలు లేకపోలేదు. డిజిటల్ ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ నిర్వహిస్తోంది. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి అందులో టీషర్టు ఇచ్చేవారు. 2020లో టీషర్టు కోసం వేలమంది ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఒక పొల్లు మాట చేర్చి పుల్ రిక్వెస్టులుగా పంపారు. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టడంతో, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీ వర్తించేలా నిబంధన మార్చారు. ఈమధ్య చాట్ యంత్రాలతో కోడు రాయించి పంపడం ఎక్కువైంది. కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, యంత్రాలు అల్లిన ఉత్తుత్తి భద్రతా లోపాల నివేదికలు తన సమయం తినేస్తున్నాయని 2024 జనవరి నుంచి బహిరంగంగా చెబుతూ వచ్చాడు. యంత్రం సాయం తీసుకోవచ్చో లేదో ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో నియమం. ఏ నియమం ఉన్నా, పంపిన ప్రతి వరస ఎందుకుందో అడిగినప్పుడు పంపినవారు చెప్పగలగాలి. చెప్పలేని కోడు పంపడమంటే చదివే భారాన్ని ఎదుటివారి నెత్తిన వేయడమే.

కొత్తవాళ్ల విషయంలో మెయింటెయినర్లు జాగ్రత్తపడటానికి ఇంకో కారణం మరీ తీవ్రమైనది. చాలా లినక్స్ వ్యవస్థల్లో ఉండే ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌ను అలసిపోయిన ఒక్క మెయింటెయినర్ నడిపిస్తూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపి, నమ్మకం సంపాదించి, చివరికి నిర్వహణ హక్కులు పొంది, అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటరులోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయబట్టి అది బయటపడింది. ఆ తర్వాత కొత్తవారికి హక్కులు ఇవ్వడంలో ప్రాజెక్టులు మరింత ఆచితూచి అడుగేస్తున్నాయి. కొత్తవాళ్లు దీన్ని తమ మీద అపనమ్మకంగా తీసుకోనక్కర్లేదు.

ఒంటరిగా మొదలుపెట్టడం కష్టమనుకునేవారికి కొన్ని ఆసరాలున్నాయి. గూగుల్ 2005లో సమ్మర్ ఆఫ్ కోడ్ మొదలుపెట్టింది. ఎంపికైనవారు ఒక మార్గదర్శి కింద కొన్ని నెలలు పనిచేస్తారు, భృతి అందుతుంది. మొదట విద్యార్థులకే పరిమితమైన ఈ పథకంలో 2022 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవాళ్లు ఎవరైనా చేరవచ్చు. ఎక్కువమందిని పంపిన కాలేజీల వరసలో ట్రిపుల్ ఐటీ హైదరాబాదు పేరు పలుమార్లు కనిపించింది. ఔట్రీచీ అనే మరో పథకం గ్నోమ్ ప్రాజెక్టులో మహిళల కోసం పుట్టి, తర్వాత ఈ రంగంలో వివక్షను ఎదుర్కొనే ఇతరులకూ విస్తరించింది. దరఖాస్తు చేసేవారు ఎంపికకు ముందే ప్యాచ్ పంపి చూపించాలి. సమ్మర్ ఆఫ్ కోడ్‌లోనూ చాలా సంస్థలు అదే అడుగుతాయి. కాబట్టి ఫలితాల నెలలో మేలుకుంటే లాభం లేదు, దరఖాస్తుకు రెండు మూడు నెలల ముందే ఆ ప్రాజెక్టులో తిరగడం మొదలుపెట్టాలి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను నడుపుతోంది. గిట్ మొదటిసారి పట్టుకునేవాళ్లకు పక్కన కూర్చుని చూపించే మనిషి దొరికితే వారం పని పూటలో అయిపోతుంది.

ప్యాచ్ లోపల చేరాక కూడా కొంత పని మిగులుతుంది. నోట్సు ప్రోగ్రాములో ఆ వరస మారినందువల్ల ఇంకో భాషలో ఇంకో చోట తేడా రావచ్చు. అలాంటి ఫిర్యాదు వస్తే మొదట వెతికేది ఆ మార్పు పంపిన మనిషినే. ఆ పిలుపుకు పలికినవారిని మెయింటెయినర్లు గుర్తుపెట్టుకుంటారు. రెండో ప్యాచ్, మూడో ప్యాచ్ మొదటిదానికంటే త్వరగా లోపలికి పోతాయి. ఆ దశలో ఇతరులు పంపిన ప్యాచ్‌లను తెచ్చి నడిపి చూసి, పనిచేసిందో లేదో రాయడం మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చూసేవాళ్ల కరువున్న చోట అది ఎంతో విలువైన సాయం. ఫిర్యాదులను సర్దే చిన్న హక్కులు ముందు వస్తాయి, కోడును స్వయంగా చేర్చే హక్కు తర్వాత. పైథాన్‌లో అయితే ఇప్పటికే కోర్ బృందంలో ఉన్న ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఓటింగ్ వారం పాటు జరుగుతుంది, మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి, స్టీరింగ్ కౌన్సిల్ అడ్డుచెప్పకూడదు. అవన్నీ కుదిరాక ఇతరుల ప్యాచ్‌లను లోపలికి తీసుకునే బాధ్యత ఆ కొత్త సభ్యులకు కూడా వస్తుంది.